తలలో నీరు: ఇద్దరు తండ్రులు, రెండు కవాటాలు

తలకు తగిలిన దెబ్బ మానిపోవడము వేరు, దాని ఫలితాలు తీరిపోవడము వేరు. చిట్లిన ఎముక కొన్ని వారాలలో అతుకుకొంటుంది. కాని లోపల చిందిన రక్తము చేసిన చెరుపు నెలల తరబడి బయటపడుతూనే ఉండవచ్చును. వైద్యుడు బిడ్డను ఇంటికి పంపిన తరువాత ఆ నెలలన్నింటను కాపలా కాయవలసినవారు తల్లిదండ్రులే. ఇరవయ్యవ శతాబ్దపు నడిమి కాలములో అట్టి కాపలా నుండి పుట్టిన ఒక చిన్న పరికరపు చరిత్ర ఇది.

ముందుగా మెదడులోని నీటిని గురించి కొంత తెలియాలి. మెదడు కపాలములో ఒక తేటనీటి వంటి ద్రవములో తేలుతూ ఉంటుంది. మెదడు లోపల నాలుగు గదులున్నవి. ఆ గదులలోని రక్తనాళాల కుచ్చులు ఈ ద్రవాన్ని ఎడతెగకుండా తయారు చేస్తూ ఉంటవి. పెద్దవారిలో ఏ సమయాన చూచినా సుమారు 150 మిల్లీలీటర్ల ద్రవమే ఉంటుంది. కాని రోజుకు తయారయ్యేది ఇంచుమించు 500 మిల్లీలీటర్లు. అనగా ఉన్న నీరంతా రోజుకు మూడుసార్లు మారుతున్నదన్నమాట. పాత నీరు మెదడు పైపొరలలోని సన్నని దారుల వెంట రక్తములో కలిసిపోతుంది. చెరువుకు వాగు ఎంత అవసరమో తూము కూడా అంతే అవసరము గదా! తలలో రక్తస్రావము జరిగినప్పుడు రక్తకణాలు, వాటి శిథిలాలు ఆ దారులను పూడ్చివేస్తవి. వచ్చే నీరు వస్తూనే ఉంటుంది. పోయే నీటికి దారి ఉండదు. గదులు ఉబ్బి మెదడును కపాలపు గోడలకేసి అదుముతవి. దీనినే జలశీర్షము అంటారు. పసిపిల్లలలో నడినెత్తిన మెత్తగా ఉండే మాడు బిగుసుకొని పైకి ఉబ్బుతుంది. తల చుట్టుకొలత పెరుగుతుంది. బిడ్డ వాంతులు చేసుకొంటుంది, మత్తుగా పడి ఉంటుంది. కంటి నరాలు దెబ్బతిని చూపు పోవడము కూడా కలదు.

దీనికి ఉపాయము వినడానికి సులువుగానే ఉంటుంది. ఒక సన్నని గొట్టాన్ని మెదడు గదిలోనికి దించి, దాని రెండవ కొనను చర్మము కిందుగా తెచ్చి, మెడలోని సిర ద్వారా గుండె కుడి పై గదిలోనికి చేర్చాలి. అక్కడ నీరు రక్తములో కలిసిపోతుంది. ఈ అమరికనే షంటు అంటారు. చిక్కంతా ఒకచోట ఉన్నది. నీరు కిందికి పోవాలి గాని రక్తము పైకి ఎగదన్నరాదు. అవసరానికి మించి నీరు కారిపోనూ రాదు. అందువలన దారిలో ఒక కవాటము కావాలి. సైకిలు ట్యూబులోని వాల్వు గాలిని లోనికి పోనిస్తుంది, బయటికి రానీయదు. కావలసినది అట్టిదే, కాని అది కొద్ది సెంటీమీటర్ల ఎత్తు నీటి ఒత్తిడికే తెరుచుకోవాలి, శరీరములో ఏండ్ల తరబడి తుప్పు పట్టక, చెడక ఉండాలి.

మొదటి తండ్రి ఇక్కడ ప్రవేశిస్తాడు. అమెరికాలో తాళాలు తయారు చేసే కంపెనీలో పనిచేస్తున్న యంత్ర నిపుణుడు జాన్ హోల్టర్‌కు 1955లో వెన్ను లోపముతో ఒక కుమారుడు పుట్టాడు. దెబ్బ ఏమీ తగలకపోయినా ఈ బిడ్డకు కూడా తలలో నీరు చేరినది. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో శస్త్రవైద్యుడైన యూజీన్ స్పిట్జ్ నమ్మదగిన కవాటము ఇంకా లేదని చెప్పగా, హోల్టర్ తానే చేయ పూనుకొన్నాడు. మందు ఎక్కించే రబ్బరు గొట్టములో నర్సు సూది గుచ్చి తీసినా గొట్టము కారకపోవడము ఆయన కంటబడినది. రబ్బరులోని చీలిక ఒత్తిడి కలిగితే తెరుచుకొంటుంది, లేకుంటే తానే మూసుకొంటుంది. పాలపీక చేసే పని కూడా ఇదే. ఈ సూత్రముతో సిలికోను రబ్బరు కవాటము 1956లో తయారై, కొద్ది ఏండ్లలో దేశదేశాలకు ప్రాకినది.

రెండవ తండ్రికి తటస్థించినది ఆ కవాటమే. 1960 డిసెంబరు 5వ తేదీన న్యూయార్కు వీథిలో ఆయా నెట్టుకొనిపోతున్న పిల్లల బండిని ఒక టాక్సీ ఢీకొన్నది. అందులో ఉన్న నాలుగు నెలల మగబిడ్డ కపాలము పలుచోట్ల చిట్లినది. బిడ్డ తండ్రి ఆంగ్ల రచయిత రోఆల్డ్ డాల్, తల్లి అమెరికను నటి పట్రీషియా నీల్. ప్రాణము దక్కినది కాని తలలో నీరు చేరినది, షంటు అమర్చారు. 1961లో కుటుంబము ఇంగ్లండులోని గ్రేట్ మిస్సెండెన్ అనే పల్లెకు చేరుకొన్నది. అసలు కష్టము ఆ షంటుతోనే వచ్చినది. అది పలుమార్లు పూడిపోయినది. పూడినప్పుడల్లా నొప్పి, చూపు మసకబారడము, మళ్లీ అత్యవసర శస్త్రచికిత్స.

షంటు పూడినదని గంట కొట్టి చెప్పే యంత్ర మేదియు లేదు. మాటలు రాని పసివాడు తల నొచ్చుతున్నదని చెప్పలేడు. పండ్లు వచ్చేటప్పటి నలత, మామూలు జ్వరము, షంటు పూడడము, ఈ మూడింటికి తొలి గుర్తులు ఇంచుమించు ఒకటే: చిరాకు, పాలు తాగకపోవడము, వాంతి, అతినిద్ర. తొందరపడితే వృథాగా ఆసుపత్రికి పరుగు. ఆలస్యము చేస్తే చూపో ప్రాణమో పోవచ్చును. నిన్నటి బిడ్డకు, నేటి బిడ్డకు గల తేడాను పోల్చి చూడడము తప్ప ఇంటిలోని వారి చేతిలో వేరే కొలత ఏమున్నది? డాల్‌కు ఈ బాధ కొంత స్వానుభవము కూడా. 1940లో యుద్ధ వైమానికుడుగా లిబియా ఎడారిలో కూలి, కపాలము పగిలి, కొన్ని వారాల పాటు చూపు లేకుండా ఉన్నవాడాయన.

షంటు ఎందుకు పూడుతున్నదని అడిగినవారు ఆయనకు ముందు కూడా ఎందరో ఉండి ఉంటారు. సమాధానము దొరకగానే దానిని తగిన పనివాని వద్దకు తీసుకొనిపోవడమే డాల్ చేసిన విశేషము. లండనులోని గ్రేట్ ఆర్మండ్ వీథి పిల్లల ఆసుపత్రి శస్త్రవైద్యుడు కెన్నెత్ టిల్ కారణము గుర్తించాడు: మెదడులో ఎక్కువగా రక్తము చిందిన పిల్లలలో ఆ శిథిలాలు రబ్బరు చీలిక పెదవులకు అంటుకొని దానిని మూసివేస్తున్నవి. అనగా హోల్టర్ కవాటము తేటనీటికి సరిపోయినంతగా మురికినీటికి సరిపోలేదు. డాల్‌కు బొమ్మ విమానాలను ఎగురవేసే సరదా ఉండేది. ఆ సరదా వలన పరిచయమైన స్టాన్లీ వేడ్ బొమ్మ విమానాలకు ఇంజనులు తానే చేసుకొనేవాడు. హై వికమ్ పట్టణములో అతి సూక్ష్మమైన ద్రవ పంపుల కర్మాగారము నడిపేవాడు. సన్నని దారులలో ద్రవము ఆగకుండా పారేటట్లు చూడడము అతని నిత్యకృత్యము.

వేడ్ చీలికను పూర్తిగా విడిచిపెట్టాడు. పొట్టి సిలికోను గొట్టానికి రెండు కొనలందును చిన్న లోహపు గూళ్లు, ఒక్కొక్క గూటిలో కదలగల ఒక లోహపు బిళ్ల. పైనుండి నీరు వచ్చినప్పుడు బిళ్ల జరిగి దారి ఇస్తుంది. కిందినుండి ఒత్తిడి వస్తే బిళ్ల వెనుకకు ఆనుకొని దారి మూస్తుంది. శిథిలాలు పట్టుకొని వ్రేలాడడానికి పెదవులు లేవు. 1962లో ఇది సిద్ధమైనది. ప్రవాహానికి అడ్డు తక్కువనీ, శుద్ధి చేయడము సులభమనీ, పూడిపోయే ప్రమాదము అత్యల్పమనీ టిల్ లాన్సెట్ పత్రికలో తెలియజేశాడు. దానికి వేడ్–డాల్–టిల్ కవాటమని పేరు వచ్చినది. ముగ్గురును దానిపై లాభము తీసుకోరాదని నిర్ణయించుకొన్నారు. ఇంతకంటె మెరుగైనవి వచ్చేలోపల సుమారు 3,000 మంది పిల్లలకు దానిని అమర్చారు. డాల్ కుమారుడు ఆ సరికే కోలుకొన్నందున అతనికి మాత్రము ఆ కవాటముతో పని పడలేదు.

ఒక కథకుడు వైద్య పరికరము కనిపెట్టాడని అక్కడక్కడ వ్రాస్తూ ఉంటారు. అది వేడ్‌కు, టిల్‌కు అన్యాయము. అట్లని డాల్ పాత్రను తీసివేయనూ వీలులేదు. వైద్యునికి లేతు యంత్రము తెలియదు; ఇంజనీరుకు మెదడు తెలియదు; బిడ్డ కండ్లు మసకబారినప్పుడు దగ్గర ఉన్నవాడు ఆ ఇద్దరినీ కలిపాడు. పేరులో మధ్యస్థానము ఆయనకు తగినదే.

నేడు అయస్కాంతముతో బయటినుండి ఒత్తిడిని సవరించదగిన కవాటాలు వచ్చినవి. షంటు లేకుండానే అంతర్దర్శినితో (ఎండోస్కోపుతో) మెదడు గది అడుగున కొత్తదారి తెరిచే శస్త్రచికిత్స కొందరు పిల్లలకు ఉపకరిస్తున్నది. అయినను పిల్లలకు అమర్చిన షంట్లలో ఇంచుమించు మూడింట ఒకటి మొదటి ఏడాదిలోనే మొరాయిస్తున్నది, తల్లిదండ్రుల కాపలా తప్పడము లేదు. ఇక వెల సంగతి. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంటును, దానికి ఎన్నో రెట్లు ఖరీదైన ఒక విదేశీ షంటుతో ఉగాండాలో 195 మంది పిల్లలలో పోల్చి చూచి 2005లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది గడిచిన తరువాత రెండింటి మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఆ చవక కవాటములో పనిచేస్తున్నది హోల్టర్ నాటి చీలికయే. దానికి తోడు ఒక చిన్న స్ప్రింగు ఉన్నది.