క్విక్ అంటే ప్రాణం

ఇంగ్లీషు ముక్క రాని ఇంట్లో కూడా తొందరకి మాత్రం ఇంగ్లీషే వాడతారు, గమనించారో లేదో! "ఫాస్టుగా నడవ్వే", "క్విక్‌గా తెమలండి", "స్పీడు తగ్గించరా నాయనా!" అన్నం, నీళ్ళు, ఏడుపు, నవ్వు అన్నీ తెలుగులోనే నడుస్తాయి. ఎక్కడికైనా బయల్దేరాల్సి వచ్చేసరికి ఇంగ్లీషు పరిగెత్తుకొస్తుంది. అదంతా పరుగుల భాష కాబోలు అనుకుంటాం. తీరా ఆ మాటల పుట్టుపూర్వోత్తరాలు తిరగేస్తే తేలేది వేరు. ఈ మూడింటిలో ఒక్కదానికీ మొదటి అర్థం వేగం కాదు.

ఫాస్ట్ సంగతి చూడండి. కదలకుండా, గట్టిగా ఉండడం దాని అసలు అర్థం. ఒళ్ళు తెలీకుండా నిద్రపోయేవాణ్ణి 'ఫాస్ట్ అస్లీప్' అంటారు. వాడేం పరిగెడుతూ నిద్రపోడు గదా! బట్టలకొట్టు అబ్బాయి "ఫాస్ట్ కలరమ్మా" అంటూ చీర పరుస్తాడే, అదీ ఆ పాత అర్థమే. రంగు బట్టని పట్టుకుని వదలదని. మరి కదలని మాట పరుగెలా నేర్చింది? గట్టిగా పట్టుకోవడం, గట్టిగా కొట్టడం, ఆ వరసలోనే గట్టిగా పరిగెత్తడం. బలంగా తీసిన పరుగు క్రమంగా వేగంగా తీసిన పరుగైపోయింది.

స్పీడ్ అంటే పూర్వం జయం, కలిసిరావడం. ప్రయాణమయ్యేవాళ్ళతో 'గాడ్‌స్పీడ్' అనేవారు. దేవుడంత వేగంగా వెళ్ళమని కాదు, దేవుడు నీకు మేలు చేయాలని దీవెన. 'మోర్ హేస్ట్ లెస్ స్పీడ్' అన్న సామెత 1546లో జాన్ హేవుడ్ అచ్చువేసిన సామెతల పుస్తకంలోనే ఉంది. తొందర ఎక్కువైతే వేగం తగ్గడమేమిటని మనం తికమకపడతాం. తొందర ఎక్కువైతే పని చెడుతుంది అన్నాడాయన. అంతే.

ఇంతకన్నా తమాషా 'ఇప్పుడే' అన్న అర్థమిచ్చే మాటలది. సూన్, ప్రెజెంట్లీ, అనాన్, బై అండ్ బై - ఇవన్నీ ఒకప్పుడు 'తక్షణం' అనే అర్థంలో ఉన్నవే. ఈనాడు వీటిలో ఏది విన్నా ఇంకో పూట పడుతుందనే అర్థం. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో హేరోదియ కూతురు, యోహాను తల పళ్ళెంలో పెట్టి 'బై అండ్ బై' ఇప్పించమని రాజుని అడుగుతుంది. ఇప్పటి చదువరికి, పాపం, మెల్లిగా వీలు చూసుకుని ఇవ్వమన్నట్టు ఉంటుంది. ఆవిడ అడిగింది ఆ నిమిషానే!

ఈ మాటలెందుకిలా నీరుకారిపోయాయి? తప్పు మాటలది కాదు, వాడిన మనుషులది. షేక్స్‌పియర్ రాసిన 'నాలుగవ హెన్రీ' మొదటి భాగంలో ఫ్రాన్సిస్ అని ఓ సారాకొట్టు కుర్రాడున్నాడు. ఈ గదిలో యువరాజు తనే వాణ్ణి మాటల్లో పెడుతూ, ఆ గదిలోంచి స్నేహితుడితో పిలిపిస్తూ ఏడిపిస్తుంటాడు. వాడు నిలుచున్న చోటే నిలబడి "అనాన్, అనాన్, సర్!" అని అరుస్తుంటాడు. అంటే "ఇదిగో వచ్చేస్తున్నా" అని. అన్నం వడ్డించి పిలిస్తే పేపరు దించకుండానే "ఆఁ, వచ్చేశా" అనే మొగుళ్ళున్న ఇంటి ఇల్లాళ్ళకి ఈ భాషాశాస్త్రం ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడే అంటూ అందరూ ఆలస్యం చేస్తే, 'ఇప్పుడే' అన్న మాటకే ఆలస్యం అనే అర్థం వచ్చిపడింది.

పాత మాట అరిగినప్పుడల్లా కొత్తది వెతుక్కోవాలి. ఇంగ్లీషువాళ్ళు సిగ్గుపడకుండా నలుగురి దగ్గరా అడిగి తీసుకున్నారు. చైనా రేవుల్లో వర్తకానికి పోయి 'చాప్ చాప్' నేర్చుకున్నారు. మన దేశంలో సిపాయిల మధ్య బతికి 'జల్దీ' పట్టుకెళ్ళారు. కిప్లింగ్ 1890లో అచ్చయిన 'గంగా దీన్' పద్యంలో తెల్ల సోల్జరు నోట ఆ మాట పెట్టాడు. ఇక పదహారో శతాబ్దంలో సర్కారు ఉత్తరాల పైన 'హేస్ట్, పోస్ట్, హేస్ట్' అని రాసేవారు. కొన్నిటి మీద ఉరికంబం బొమ్మ కూడా గీసేవారు. ఆలస్యం చేస్తే నీ గతి ఇదీ అని, ఉత్తరం మోసుకుపోయే రౌతుకి హెచ్చరిక!

ఉరికంబం మాట వచ్చింది కనక, క్విక్ కథ ఇప్పుడు చెప్పాలి. ఇది నవ్వుకునే కథ కాదు.

క్విక్ అంటే ప్రాణంతో ఉన్నది. మన 'జీవ' శబ్దమూ, లాటిన్ 'వీవుస్' శబ్దమూ, ఈ క్విక్కూ ఒకే తల్లి పిల్లలని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. జారిపోతూ, పరిగెడుతూ ప్రాణమున్నట్టే కనిపించే పాదరసానికి 'క్విక్‌సిల్వర్' అని పేరు, అంటే జీవమున్న వెండి. గోరుకింద నొప్పి తెలిసే మెత్తటి చర్మమూ 'క్విక్కే'. ప్రాణమున్నది కదుల్తుంది, చురుగ్గా ఉంటుంది. అలా ప్రాణం చురుకయింది, చురుకు వేగమయింది.

నాలుగో నెలో అయిదో నెలో నిండేవేళ కడుపులో బిడ్డ కదిలినట్టు తల్లికి మొదటిసారి తెలుస్తుంది చూశారూ, దానికి ఇంగ్లీషులో 'క్వికెనింగ్' అని పేరు. ఆ కదలిక మీదే ఇంగ్లండులో ఆడవాళ్ళ చావుబతుకులు తేలేవి. మరణశిక్ష పడ్డ స్త్రీ తను గర్భవతినని మొరపెట్టుకోవచ్చు. అప్పుడు పన్నెండుమంది పెద్ద ముత్తయిదువల్ని జ్యూరీగా పిలిచి, ఆమెని పరీక్ష చేయమనేవారు. మామూలు జ్యూరీల్లో ఆడవాళ్ళకి 1919 చట్టం వచ్చేదాకా చోటు లేదు. ఈ పనికి మాత్రం వాళ్ళే కావలసివచ్చారు. ఉత్త గర్భం ఉంటే చాలదు, 'క్విక్' అయి ఉండాలి, అంటే బిడ్డలో ప్రాణం కదులుతూ ఉండాలి అని బ్లాక్‌స్టన్ పద్ధెనిమిదో శతాబ్దంలో తన న్యాయశాస్త్ర గ్రంథంలో రాశాడు. కదలిక ఉందంటే ప్రసవం దాకా ఉరి ఆగుతుంది. లేదంటే లేదు.

1720లో జమైకాలో ఓడదొంగలుగా పట్టుబడిన మేరీ రీడ్, ఆన్ బానీ ఇద్దరూ ఈ మొరపెట్టుకునే ఉరి తప్పించుకున్నారు. మేరీ మర్నాటి ఏడు జైల్లోనే చచ్చిపోయింది. రెండేళ్ళ తర్వాత డేనియల్ డీఫో రాసిన నవల్లో నాయిక మాల్ ఫ్లాండర్స్ న్యూగేట్ జైల్లో పుడుతుంది. కాస్త బట్ట దొంగిలించి ఉరిశిక్ష పడ్డ తల్లి, కడుపులోని ఈ బిడ్డని చూపించి గడువు తెచ్చుకుంటుంది. అవును, అప్పట్లో బట్ట దొంగతనానికీ ఉరే. గర్భిణికి అసలు మరణశిక్షే వేయకూడదన్న చట్టం ఇంగ్లండులో 1931కి గాని రాలేదు.

ఆ క్విక్ మన దేశానికీ వచ్చింది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 312వ సెక్షనులో గర్భస్రావం చేయించిన నేరానికి మూడేళ్ళ దాకా శిక్ష, ఆ స్త్రీ 'క్విక్ విత్ చైల్డ్' అయితే ఏడేళ్ళ దాకా అని రాశారు. 2024 జులై 1న ఆ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. సెక్షను నంబరు 88 అయింది. మాట మారలేదు. పేరు మార్చి, నంబర్లు మార్చి, ఎన్నో తిరగరాసినవాళ్ళు ఈ ఒక్క మాటనీ అలాగే ఉంచారు. ఊరంతా దాన్ని తొందరకి వాడుకుంటూంటే, ఆ చట్టం పేజీలో మాత్రం అది ఇంకా కడుపులో కదిలే బిడ్డే.