మహనీయుల జీవితములు – మన కర్తవ్యము

ప్రతివత్సరమును మన మహాసభ కూడినపుడెల్ల పూర్వుల కీర్తిని స్మరించుట ఆచారముగ వచ్చుచున్నది. ఇది మంచి ఆచారమే. కాని స్మరించుట వేఱు, అనుసరించుట వేఱు. ఒక మహనీయుని శీలము మఱియొకనికి ఎట్లు సంక్రమించునో గ్రహించినగాని మన స్మరణము సార్థకము కానేరదు. ఇందుకు బ్రహ్మర్షి సర్ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి జీవితమును మించిన నిదర్శనము తెలుగుదేశమున అరుదని మేము తలంచుచున్నాము.

నాయుడుగారు 1862వ సంవత్సరమున మచిలీపట్టణమున జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువునపుడు డాక్టరు విలియం మిల్లరుగారు వారికి గురువులైరి. మిల్లరుగారు స్కాట్లండు దేశమునుండి వచ్చిన మతబోధకులు. శిష్యుడు వారి విద్యాదీక్షను, విద్యార్థులయెడ వారికిగల వాత్సల్యమును గ్రహించెనే గాని మతమును స్వీకరింపలేదు, బ్రహ్మసమాజమున చేరెను. గురువు నమ్మినదానికై ఎట్లు జీవించెనో దానిని నేర్చుకొనెను. మిల్లరుగారు అలంకరించిన మదరాసు విశ్వవిద్యాలయపు వైస్ ఛాన్సలరు పీఠమును 1925 మొదలు 1928 వఱకు ఆ శిష్యుడే అలంకరించెను.

యౌవనముననే భార్య గతింపగా నాయుడుగారు పునర్వివాహమును తలపెట్టలేదు. మచిలీపట్టణపు నోబిలు కళాశాలలోను, సికిందరాబాదు మహబూబు కళాశాలలోను పనిచేసి, 1904 మొదలు 1919 వఱకు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులుగ నుండిరి. బాలికలు బాలురతో కూర్చుండి చదువుట వింతగ తోచు దినములలో వారికి ఆ కళాశాల ద్వారములు తెఱచిరి. వివాహములలో మేజువాణీ పెట్టించుట గౌరవచిహ్నముగ నెంచు కాలమున దానిని బహిరంగముగ ఖండించిరి. ఆ యుద్యమము నాట్యవృత్తిలోని స్త్రీల జీవనోపాధిని గూర్చి చాలినంత ఆలోచింపలేదను విమర్శ తరువాత బయలుదేరినది. అదియు వినదగినదే. మహనీయుని గౌరవించుటయన విమర్శకు చెవులు మూసికొనుట కాదు.

ఇక శిష్యుల మాట. కృష్ణాపత్రికను 1907 మొదలు 1945లో కన్నుమూయువఱకు నడపిన ముట్నూరి కృష్ణారావుగారు నాయుడుగారి శిష్యులు. గురువునకు ఆంగ్ల ప్రభుత్వము 1924లో సర్ బిరుద మొసంగెను. శిష్యుడో, ఆ ప్రభుత్వమును ఎదిరించు జాతీయోద్యమమునకు తన కలమును ధారపోసెను. కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య గార్లతో కలిసి 1910లో మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించెను. మిల్లరుగారి మతము నాయుడుగారికి రాలేదు; నాయుడుగారి రాజకీయము కృష్ణారావుగారికి రాలేదు. వచ్చినది నమ్మినదానికై జీవితము నర్పించు గుణ మొక్కటియే. అదియే నిజమైన వారసత్వము.

ధనవంతులగు పోషకులు గమనింపదగిన విషయము మఱియొకటి కలదు. పిఠాపురము మహారాజు శ్రీ సూర్యరావు బహద్దరువారు నాయుడుగారి ప్రభావమున కాకినాడలో అనాథశరణాలయమును నెలకొల్పి పోషించిరి. హరిజన బాలురకు వసతిగృహమును కల్పించిరి. ఒకరికి శీలమున్నది, ఒకరికి సంపద యున్నది. రెండును కలిసినచోట తలిదండ్రులు లేని పసివానికి అన్నమును అక్షరమును దొరకినవి. ఆ పసివాడు ఏ కులమున పుట్టెనో అడిగిన వారు లేరు.

ఇచట మన సభ తన్ను తాను ప్రశ్నించుకొనవలసి యున్నది. గొప్పవాడొకడు కనబడగనే ఆయన మావాడని చెప్పుకొనుట ప్రతి కులసంఘమునకు అలవాటు. పుట్టుకచే ఒకడు మనవాడగుటలో మన ప్రయోజకత్వ మేమియు లేదు. నడవడిచే మనము ఆయనవారమగుటలోనే ఉన్నది. మన విద్యార్థి వసతిగృహములలో పొరుగు కులపు నిరుపేద బాలునకు ఒక్క చోటైన నీయగలమా? మన విద్యానిధిలో బాలికలకు బాలురతో సమానభాగ మున్నదా? వరకట్నము పుచ్చుకొన్నవానిని ఈ వేదికపై సన్మానింపకుండుటకు మనకు ధైర్యము కలదా?

ఈ మూడింటికి ఔనని చెప్పగలిగిన దినమున మహనీయుల పటములకు మనము వేయు పూలమాలలు శోభించును. అట్టి దినమును సమీపింపజేయు భారము సభ్యులందఱిపైనను, విశేషించి పోషకులపైనను ఉన్నదని సవినయముగ విన్నవించుచున్నాము.