స్పానిష్ భాషలో నిషేధార్థకం

స్పానిష్ భాషలో ఒక పనిని చేయవద్దని ఎదుటివారికి చెప్పే క్రియారూపాన్ని నిషేధార్థకం లేదా వ్యతిరేక విధి అంటారు. తెలుగులో "మాట్లాడు" అనే విధికి "మాట్లాడకు" అనే వేరు రూపం ఉన్నట్లే, స్పానిష్‌లోనూ నిషేధానికి వేరు పద్ధతి ఉంది. "నో" అనే అవ్యయం తరువాత సబ్జంక్టివ్ అనే సంభావనార్థక క్రియ యొక్క వర్తమానకాల రూపాన్ని వాడుతారు. ఈ వ్యాసంలోని స్పానిష్ క్రియారూపాలలో దీర్ఘాచ్చు ఆ అక్షరాన్ని ఊది పలకాలని సూచిస్తుంది.

రూపనిర్మాణం

స్పానిష్ క్రియలు ఆర్, ఏర్, ఈర్ అనే మూడు ప్రత్యయాలతో అంతమవుతాయి. నియత క్రియలకు నిషేధార్థకం ఈ క్రింది విధంగా ఏర్పడుతుంది.

1. వర్తమానకాలంలో "నేను" అనే కర్తకు చెందిన రూపాన్ని తీసుకోవాలి: ఆబ్లొ (మాట్లాడతాను), కోమొ (తింటాను), ఎస్క్రీబొ (వ్రాస్తాను).
2. చివరి "ఒ"ను తొలగించాలి.
3. ఆర్ క్రియలకు ఎకారంతోను, ఏర్, ఈర్ క్రియలకు అకారంతోను మొదలయ్యే ప్రత్యయాలను చేర్చాలి.
4. ముందు "నో" ఉంచాలి.

ఉదాహరణలు

* తూ (నువ్వు): నో ఆబ్లెస్, నో కోమస్, నో ఎస్క్రీబస్
* ఉస్తేద్ (మీరు, ఏకవచనం): నో ఆబ్లె, నో కోమ, నో ఎస్క్రీబ
* నొసోత్రొస్ (మనం): నో అబ్లేమొస్, నో కొమామొస్, నో ఎస్క్రిబామొస్
* బొసోత్రొస్ (మీరు, చనువుతో బహువచనం): నో అబ్లేయిస్, నో కొమాయిస్, నో ఎస్క్రిబాయిస్
* ఉస్తేదెస్ (మీరు, బహువచనం): నో ఆబ్లెన్, నో కోమన్, నో ఎస్క్రీబన్

బొసోత్రొస్ రూపం ప్రధానంగా స్పెయిన్‌లో వాడుకలో ఉంది. లాటిన్ అమెరికా దేశాలలో చనువుకైనా, గౌరవానికైనా బహువచనంలో ఉస్తేదెస్ రూపమే వాడుతారు.

విధిరూపంతో భేదం

ఉస్తేద్, నొసోత్రొస్, ఉస్తేదెస్ రూపాలకు విధిలోను, నిషేధంలోను క్రియ ఒకటే. "నో" చేర్చితే చాలు. తూ, బొసోత్రొస్ రూపాలలో మాత్రం క్రియ మారుతుంది. "మాట్లాడు" అనడానికి "ఆబ్ల" అంటారు. "మాట్లాడకు" అనడానికి "నో ఆబ్లెస్" అనాలి. అభ్యాసకులు తరచుగా "నో ఆబ్ల" అంటారు. కానీ దానికి "అతడు మాట్లాడడు" లేదా "ఆమె మాట్లాడదు" అని అర్థం. అలాగే "నో కోమె" అంటే "అతడు తినడు", "నో కోమ" అంటే "మీరు తినకండి". ఒక్క అచ్చు మారితే నిషేధం కాస్తా సాధారణ వాక్యమైపోతుంది.

సర్వనామాల స్థానం

విధిలో కర్మను తెలిపే సర్వనామం క్రియ చివర కలిసిపోతుంది: కోమెలొ (దానిని తిను). నిషేధంలో అది "నో"కు, క్రియకు నడుమ విడిగా నిలుస్తుంది: నో లొ కోమస్ (దానిని తినకు). లెబాంతతె (లే), నో తె లెబాంతెస్ (లేవకు) వంటి ఆత్మార్థక క్రియలకూ ఇదే నియమం వర్తిస్తుంది.

వర్ణక్రమంలో మార్పులు

కార్, గార్, సార్ అని అంతమయ్యే కొన్ని క్రియలలో ఎకారానికి ముందు ఉచ్చారణ చెడకుండా లిపి మారుతుంది. తొకార్ (తాకు) క్రియను వ్రాసేటప్పుడు "సి" అక్షరానికి బదులు "క్యు", "యు" అక్షరాలు వస్తాయి. పలుకుబడి మాత్రం "నో తోకెస్" అని "క"కారంతోనే ఉంటుంది. పగార్ (చెల్లించు) క్రియలో "జి" తరువాత "యు" చేరుతుంది: నో పాగెస్. క్రుసార్ (దాటు) వంటి క్రియలలో "జెడ్" స్థానంలో "సి" వస్తుంది: నో క్రూసెస్.

బహిరంగ సూచనలు

బహిరంగ ప్రదేశాలలోని ఫలకాలపై, ప్రత్యేకించి ఎవరినీ సంబోధించనప్పుడు, "నో" తరువాత క్రియ యొక్క మూలరూపాన్నే వ్రాయడం కూడా ఉంది: నో ఫుమార్ (పొగ త్రాగరాదు), నో తొకార్ (తాకరాదు).