బొమ్మలో కనపడని మంట

1998 వేసవిలో మా నాన్నగారు తెనాలి నుంచి మిషిగన్ వచ్చారు. వచ్చిన రెండో వారంలో ఒక అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చుని, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "గుండెల్లో మంటరా" అన్నారు. ఆయన్ని ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకుపోయాం. గుండెకి ఏ ముప్పూ లేదన్నారు. కొన్నాళ్ళకి బేరియం పరీక్ష చేశారు. గోడలకి వేసే సున్నంలా తెల్లగా, చిక్కగా ఉన్న ద్రవం తాగించి, అది గొంతులోంచి పొట్టలోకి దిగే తీరును ఎక్స్-రే తెర మీద చూశారు. అంతా సవ్యంగానే ఉందని రిపోర్టు వచ్చింది. మేం సంతోషించాం. నాన్నగారు మాత్రం చిన్నబోయారు. "బొమ్మలో లేని మంట నాకెక్కడిదిరా? మీచేత ఉత్తి పుణ్యానికి ఖర్చు పెట్టించాను" అన్నారు.

ఆయన మాట నన్ను చాలాకాలం వదల్లేదు. జవాబు కోసం వెతికితే నూరేళ్ళ కథ బయటపడింది.

ముందు జబ్బు సంగతి. అన్నవాహిక పొట్టని కలిసేచోట ఒక కండరం తలుపులా పనిచేస్తుంది. మింగినప్పుడు తెరుచుకుని, తరవాత మూసుకోవాలి. అది వేళకాని వేళ తెరుచుకుంటే పొట్టలోని ఆమ్లం పైకి తంతుంది. ఆమ్లాన్ని తట్టుకునే పూత పొట్టకి ఉంది, అన్నవాహికకి లేదు. అందుకే మంట. గుండెకి దీనితో సంబంధం లేకపోయినా నింద మాత్రం దానిమీదే పడింది. ఇంగ్లీషువాళ్ళు కూడా గుండె పేరే పెట్టారు.

రంట్‌గన్ 1895 నవంబరులో ఎక్స్-కిరణాలు కనిపెట్టాడు. ఏడాది తిరిగేసరికి, 1896 డిసెంబరులో, హార్వర్డ్‌లో మొదటి సంవత్సరం వైద్యం చదువుతున్న వాల్టర్ కానన్, తన గురువు బౌడిచ్ సలహా మీద వాటిని జీర్ణక్రియ వైపు తిప్పాడు. ఒక పెద్దబాతు చేత బిస్మత్ మందు మింగించి, అది పొడుగాటి మెడలోంచి దిగడాన్ని తెరమీద చూపించాడు. తరవాత పిల్లుల మీద పరిశోధన చేసి 1898లో వ్యాసం రాశాడు. పిల్లి బెదిరినా, కోపం తెచ్చుకున్నా పొట్ట కదలికలు ఆగిపోవడం అతను గమనించాడు. ఒక్క బొమ్మ తీసుకుని వెళ్ళిపోలేదు కాబట్టే అది కనిపించింది. గంటల తరబడి చూశాడు. కిరణాల ప్రమాదం సరిగా తెలియని రోజులవి. వాటివల్ల వచ్చిన చర్మబాధలు అతన్ని జీవితాంతం వెంటాడాయి.

1910 ప్రాంతంలో, విషలక్షణాలున్న బిస్మత్ బదులు బేరియం సల్ఫేట్ వాడుకలోకి వచ్చింది. 1935లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యుడు ఆషర్ వింకెల్‌స్టైన్ ఐదుగురు రోగుల గురించి రాస్తూ, వాళ్ళ అన్నవాహిక పుండ్లకి పొట్టలోని ఆమ్లమే కారణం కావచ్చన్నాడు. కానీ బేరియం బొమ్మలో కొట్టొచ్చినట్టు కనిపించేది ఆమ్లం కాదు. ఉదరవితానం సందులోంచి పొట్ట కొంత పైకి జారడం, అంటే హయేటల్ హెర్నియా. కనిపించినదాన్నే దోషిగా నిలబెట్టారు. 1951లో ఇంగ్లండు శస్త్రవైద్యుడు ఫిలిప్ ఆలిసన్ మంటనీ హెర్నియానీ ముడిపెట్టాక, ఆ జారుడుని సరిచెయ్యడమే వైద్యమైంది. 1971లో కోహెన్, హారిస్ అనే అమెరికన్ వైద్యులు లోపల పీడనం కొలిచి, అసలు సంగతి తలుపు బిగువులో ఉందన్నారు. హెర్నియా ఉన్నా మంట లేనివాళ్ళున్నారు. మంట ఉన్నా హెర్నియా లేనివాళ్ళూ ఉన్నారు.

ఈలోగా లోపలికే దిగి చూసే సాధనం మా మిషిగన్‌లోనే పుట్టింది. గాజు తీగల కట్టలోంచి బొమ్మని పంపవచ్చని లండన్‌లో హాప్కిన్స్, మన పంజాబ్ నుంచి వెళ్ళిన నరీందర్ సింగ్ కపానీ 1954లో చూపించారు. అది చదివిన బేసిల్ హిర్షోవిట్జ్, యాన్ ఆర్బర్‌లో కర్టిస్, పీటర్స్‌లతో కలిసి వంగే ఎండోస్కోపు తయారుచేసి, 1957లో ముందుగా తన గొంతులోకే దింపుకున్నాడు. దానితో పుండ్లు కనిపించాయి. కానీ రోజూ మంటతో బాధపడే చాలామంది అన్నవాహిక అందులో కూడా నున్నగానే ఉంటుంది!

చిక్కెక్కడో అప్పటికి తెలిసొచ్చింది. ఆమ్లం పైకి తన్నడం ఒక ఆకారం కాదు, ఒక సంఘటన. అది ఎప్పుడో జరుగుతుంది. వీధిలో దొంగ తిరుగుతున్నాడో లేదో ఒక్క ఫొటో తీసి తేల్చగలమా? పైగా ఆరోగ్యవంతుల్లో కూడా అప్పుడప్పుడు కాస్త ఆమ్లం పైకొస్తుంది. కాబట్టి తెరమీద కనబడకపోతే జబ్బు లేదనీ చెప్పలేం, కనబడితే ఉందనీ చెప్పలేం. 1976లో ఫిలడెల్ఫియా టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఫిషర్, మాల్మడ్ బృందం కొద్దిపాటి రేడియోధార్మిక టెక్నీషియం కలిపిన పానీయం తాగించి, ఎంత పైకొచ్చిందో కెమేరాతో లెక్కకట్టింది. అదీ కొద్దిసేపటి చూపే. అంతకు రెండేళ్ళ ముందే, 1974లో, షికాగోలో జాన్సన్, డిమీస్టర్ బొమ్మని పక్కనపెట్టి, ముక్కులోంచి సన్నటి తీగ దింపి ఇరవైనాలుగు గంటల ఆమ్లతని కొలిచే పద్ధతిని స్థిరపరిచారు.

నాన్నగారికి చివరికి ఆ పరీక్షే చేశారు. మంట వచ్చినప్పుడల్లా టైము రాసుకోమని చిన్న పుస్తకం ఇచ్చారు. ఆయన తెలుగులోనే రాశారు: "రాత్రి 1-40, పడుకోగానే." యంత్రం గీసిన గీత సరిగ్గా ఆ వేళకే దిగజారి ఉంది. దాన్ని చూసి ఆయన నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. మందు దొరికినందుకు కాదు, తన మాట నిజమైనందుకు.

కేవలం ఈ జబ్బుని తేల్చడానికి బేరియం పరీక్ష వద్దని అమెరికన్ కాలేజ్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ 2013లోనూ, మళ్ళీ 2022లోనూ చెప్పింది. అలాగని ఆ బొమ్మలు వృథా కావు. ముద్ద దిగకపోయినా, ఆపరేషన్‌కి ముందు హెర్నియా కొలతలు చూడాలన్నా అవి కావాలి. ఛాతీలో నొప్పి వస్తే ముందు గుండెనే చూపించుకోవాలి, అందులో అనుమానం లేదు. కానీ గుండె బాగుందన్నాక, బొమ్మ బాగుందన్నాక కూడా మన పెద్దవాళ్ళు "మంట" అంటే, ఆ మాటని కొట్టిపారెయ్యకండి. చేతికొక పుస్తకం ఇచ్చి, టైము రాయమనండి.