తెర మీద తొలి వానరవీరులు

యానిమేషన్ సినిమా పుట్టకముందే తెలుగు పల్లెల్లో ఇంటిల్లిపాదీ రాత్రంతా మేలుకుని జంతువీరుల సాహసాలు చూసేవారు. లంకకు లంఘించే హనుమంతుడు, రావణుడిపై తిరగబడే జటాయువు, సలహా చెప్పే జాంబవంతుడు, అందరూ తోలుబొమ్మలే.

ఈ తోలుబొమ్మలాట తెలుగు నేలకే పరిమితం కాదు. ఆంధ్రప్రదేశ్ సరిహద్దులోని గుడుపల్లె, కుప్పం ప్రాంతానికి అటు కర్ణాటక, ఇటు తమిళనాడు. తొగలు గొంబెయాట, తోల్‌పావైక్కూత్తు పేర్లతో ఆ రెండు చోట్లా ఇదే కళ సాగింది.

అసలు నేర్పు బొమ్మ తయారీలో ఉంది. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుగు దూరేంత పలచగా చేసి ఆరబెడతారు. బొమ్మ గీసి, నగలున్న చోటల్లా సన్నటి రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగులు వేస్తారు. కాళ్లూ చేతులూ విడిగా కోసి దారంతో కీళ్లు కడతారు. వెనక ఆముదపు దీపం వెలిగిందంటే హనుమంతుడి మెడలో హారం మిలమిలా మెరవాల్సిందే.

1926లో జర్మనీలో లొట్టె రైనిగర్ కూడా ఇలాగే కీళ్లున్న నల్లని అట్టబొమ్మలతో ‘ప్రిన్స్ అహ్మద్ సాహసాలు’ తీశారు. నేటికీ మిగిలివున్న పూర్తినిడివి యానిమేషన్ చిత్రాల్లో అదే అతి పాతది. ఆమె ఒక్కో కదలికను కెమెరాలో పట్టారు. మన ఆటగాళ్లు పాడుతూ, పలుకుతూ అప్పటికప్పుడే ఆడించారు.

సినిమా, టీవీ వచ్చాక ఆటలు తగ్గాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కుటుంబాలు అదే తోలుతో లాంప్‌షేడ్లు చేస్తూ కళను నిలబెట్టాయి. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది.