తొంభై వేల మాత్రల నీళ్లు

పాలిష్ మిషన్ ఆగితేనే ఎర్రగుంట్లలో మాట వినపడుతుంది. ఆగింది. నాపరాయి మీంచి జారిన బూడిదరంగు నీళ్లు కాలవ వెంట గుంతలోకి పోతున్నాయి.

"రాతిపిండి అడుక్కు దిగుతాది అన్నా. పైన తేటనీళ్లు మళ్లీ మిషన్‌కే" అన్నాడు అక్కడ పనిచేసే అబ్బాయి. కరువు సీమలో వాడిన నీళ్లనే మళ్లీ వాడుకోవడం ఒకరు నేర్పాల్సిన పని కాదు. కాసేపాగి అతనే అడిగాడు: "పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీ నీళ్లు గూడా ఇట్లే తేర్చొచ్చు గదా?" వాళ్ల చిన్నాయన కొడుకు అక్కడ పని చేసొచ్చాడట.

అవి తేరవు. రాతిపిండి నీళ్లలో కరగదు, మందు కరుగుతుంది. కరిగినదాన్ని లాగే దారుల్లో ఒకటి, దాన్ని తినే ప్రాణికి అప్పగించడం. ఆ ప్రాణికి పటాన్‌చెరులో ఏం జరిగిందో అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

రెండువేల దశకంలో ఒక మామూలు రోజును, పరిశోధన పత్రాల్లోని వివరాలతో మళ్లీ కళ్లముందు నిలుపుకుందాం. 1994లో మొదలైన పటాన్‌చెరు ఎన్విరోటెక్ ఉమ్మడి శుద్ధి కేంద్రం. గేటు దగ్గర ట్యాంకర్లు. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలం, రోజుకు 15 లక్షల లీటర్ల దాకా, ఇక్కడికే వస్తుంది. లోపల తొట్టిలో గాలి బుడగలు, పైన నురగ, ముక్కు పగిలే వాసన. తొట్టిలోని బురదలో కోట్లాది బ్యాక్టీరియా.

బురదలోని బ్యాక్టీరియాతో మురుగును శుద్ధి చేసే ఈ పద్ధతి 1914లో మాంచెస్టర్‌లో పుట్టింది. ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు మురుగునీటిలోకి గాలి ఊదారు, అడుక్కు దిగిన బురదను పారబోయకుండా తర్వాతి విడతలో కలిపారు. మన ఇళ్లలో నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలకు తోడు పెట్టడం లాంటిదే. ఆ బురదలోని సూక్ష్మజీవులు గాలి పీల్చుకుంటూ కాలుష్యాన్ని తిని పెరుగుతాయి. మళ్లీ అడుక్కు దిగుతాయి.

కానీ ఒట్టి ఫ్యాక్టరీ నీళ్లు వాటికి ఒంటబట్టవు. అందుకని పటాన్‌చెరులో ఇళ్ల మురుగునూ కలిపారు. దాంతో మనిషి పేగుల్లో ఉండే క్రిములు కూడా తొట్టిలోకి దిగాయి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె జారుతుంది.

తొట్టిలోని బ్యాక్టీరియా పని చేయలేదని కాదు. కుళ్లే పదార్థం ఎంతుందో చెప్పే బీఓడీ, వచ్చే నీటిలో లీటరుకు సుమారు 1,300 మిల్లీగ్రాములు ఉంటే, పోయే నీటిలో 270కి దిగింది. లెక్క రాసుకునేవాళ్లు రాసుకున్నారు. నీళ్లు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు పోయాయి.

ఆ నీటిలో ఏ మందు ఎంత మిగిలిందో కొలవమని ఏ నిబంధనా అడగలేదు.

వాగు పక్క ఊళ్లవాళ్లు మాత్రం ఎప్పటి నుంచో మొత్తుకుంటూనే ఉన్నారు. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. అక్కడే వైద్యం చేసే డాక్టర్ కిషన్‌రావు ఏళ్ల తరబడి పోరాడారు. అయినా లోకం ఉలిక్కిపడటానికి స్వీడన్ నుంచి అంకె రావాల్సి వచ్చింది.

2007లో ఆ దేశపు శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్ బృందం, శుద్ధి అయి బయటికొచ్చిన నీటి ఫలితాలు ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. మా ఎర్రగుంట్లలో జ్వరానికీ విరేచనాలకీ రాసిచ్చే అదే సిప్రో. కొన్ని బ్యాక్టీరియాలకు విషమయ్యే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైమాటే. రోజుకు 45 కిలోలు వాగు పాలవుతోందని లెక్కగట్టారు. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ ఐదు రోజుల్లో వాడే సిప్రో అంత. 500 మిల్లీగ్రాముల మాత్రల్లో చెప్పాలంటే, రోజుకు తొంభై వేల మాత్రలు.

పాలిష్ మిషన్ అబ్బాయి నోరు తెరిచాడు. "అంత మందులో ఆ క్రిములు సావలేదా అన్నా?"

బలహీనమైనవి చచ్చాయి. తట్టుకున్నవి మిగిలాయి, తట్టుకునే గుణాన్ని పక్కవాటికీ పంచాయి. క్రిములకు ఆ గుణాన్నిచ్చే జన్యువుల మార్పిడి మనం చేబదులు ఇచ్చుకున్నంత తేలిక. 2013లో వచ్చిన మరో అధ్యయనంలో ఆ శుద్ధి కేంద్రం నుంచి తీసిన 93 రకాల బ్యాక్టీరియాను 39 యాంటీబయాటిక్స్‌తో పరీక్షించారు. 86 శాతం బ్యాక్టీరియా మీద 20 లేదా అంతకంటే ఎక్కువ మందులు పనిచేయలేదు.

నా మటుకు నేను తప్పు ఆ క్రిములది అనను. వాటిని చంపడానికే తయారుచేసిన మందును వాటి ముందే పెట్టి తినమన్నాం. మందును ఫ్యాక్టరీ గడప దాటకముందే విడదీసి, మిగతా మురికిని మాత్రమే వాటికి వదిలి ఉండాల్సింది. పుట్టినచోటే ఆపడం ఖర్చుతో కూడిన పనే, కానీ చేయగలిగిన పని.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా తెచ్చింది. ఫ్యాక్టరీ నీటిలో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో మొదటిసారి ఒక పట్టికలో ఉంది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. అందులో ఆ పట్టిక లేదు.