యానాం: న్యాయస్థానముల అధికార పరిధి

కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, గౌతమీ తీరమునగల యానాం ఆంధ్ర గ్రామముల నడుమ నెలకొనియున్నది. అచ్చటి ప్రజల భాష తెలుగు. వారి బంధుత్వములు గోదావరి సీమతోనే పెనవేసికొన్నవి. అయినను వారి వ్యాజ్యములను విచారించు అధికారము ఎవరిదను ప్రశ్నకు భాషవలన గాని బంధుత్వమువలన గాని సమాధానము దొరకదు. ఆ పట్టణపు రాజకీయ చరిత్రయే దానికి సమాధానము.

ఫ్రెంచి పాలనలో 1819 జనవరి 6 నాటి శాసనము ఫ్రెంచి చట్టములను ప్రవేశపెట్టుచునే, భారతీయులకు వారి వారి ధర్మములను, కులాచారములను అనుసరించి తీర్పు చెప్పవలెనని విధించెను. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ ఆ స్వీయధర్మమును విడనాడి ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించుటకు వీలు కల్పించెను. అట్లు స్వీకరించినవారిని ‘రెనొన్సా’లనిరి. ఇట్లు న్యాయస్థానము ఒక్కటియే అయినను, వాది ప్రతివాదులనుబట్టి ధర్మము వేరగుచుండెను. పై విచారణలు పుదుచ్చేరికిని, అటుపై పారిస్ నగరమునందలి కసాసియోన్ న్యాయస్థానమునకును పోవుచుండెను.

పరిధి భేదము సామాన్య గృహములకును తెలిసివచ్చిన సందర్భము శారదా చట్టము. 1929లో చేయబడి 1930 ఏప్రిల్ 1 నుండి అమలుపడిన ఆ చట్టము బ్రిటిషు ఇండియాకు పరిమితమగుటచే, పొరుగు జిల్లాలవారు బాల్యవివాహములకై యానాం చేరజొచ్చిరి. 1938 నాటి సవరణ ఆ చట్టమును భారతదేశమున ఎచ్చటనున్న బ్రిటిషు ప్రజలకైనను వర్తింపజేసెను. అంతవరకు భూమిని అంటియుండిన చట్టము అప్పటినుండి మనుష్యుని వెంట నడచినది.

1954 జూన్ 13న యానాం విముక్తమయ్యెను. అదే యేడు నవంబరు 1న ఫ్రెంచి స్థావరముల పాలన భారతదేశమునకు సంక్రమించెను. 1962 ఆగస్టు 16న ఆ బదిలీకి చట్టబద్ధత కలిగెను. 1962 నవంబరు 6 నుండి మద్రాసు హైకోర్టు అధికారము పుదుచ్చేరి ప్రాంతములకెల్ల విస్తరించెను. కావున నేటికిని యానాం వ్యాజ్యము సమీపముననున్న అమరావతికి గాక చెన్నపట్టణమునకు పోవును. తెలుగు దస్తావేజులకు అనువాదము, కక్షిదారునకు దూరప్రయాణము తప్పవు. హిందూ వివాహ చట్టము పుదుచ్చేరికి విస్తరించినపుడును రెనొన్సాలను మినహాయించిరి. ఒకే వీథిలోని ఇరుగుపొరుగు తెలుగువారికి ధర్మము వేరగుట ఇందువలననే.

ఈ విషయము చరిత్ర జిజ్ఞాసకే పరిమితము కాదు. పౌర వ్యవహార స్మృతి ప్రకారము స్థిరాస్తి వివాదము ఆ ఆస్తియున్న చోటి న్యాయస్థానమునకు చెందును. యానాం నివాసికి సరిహద్దు ఆవల పొలమున్నచో, దాని స్వామ్యమునకై ఆంధ్ర న్యాయస్థానమునే ఆశ్రయింపవలెను. రావలసిన బాకీకైనచో, ప్రతివాది నివసించు చోట గాని, వ్యాజ్యకారణము పుట్టిన చోట గాని దావా వేయవచ్చును. స్థలపరిధిని గూర్చిన ఆక్షేపణను తొలి అవకాశముననే తెలుపవలెను. కాని ఆ తరగతి వివాదమునే విచారించు అధికారము మూలమునందే లేని న్యాయస్థానమునకు, ఉభయపక్షములు సమ్మతించినను ఆ అధికారము కలుగదు.

తప్పు తలుపు తట్టినవాని అర్జీ వాపసగును. కాలము, ధనము వ్యయమగును. న్యాయమెంత బలముగా నున్నను, దానిని వినదగిన చోట వినిపింపనిచో ఫలము ఆలస్యమగును. భాష యొక్కటే అయినను పాలన వేరైన సీమలలో స్థిరపడిన తెలుగువారెల్లరకు యానాం చరిత్ర బోధించునది ఇదియే.